దేవకుమారి వేలం ఆపిన పూట

ఉప్పాడ ఒడ్డున దేవకుమారి చేపల వేలం పాడుతుంటే సముద్రం కూడా కాస్త తగ్గి మాట్లాడాలి. అంత గొంతు! ఆ గొంతుతోపాటే చుట్ట. అదీ అడ్డపొగ, అంటే నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని పీల్చడం. నెత్తిన తట్టతో ఎదురుగాలిలో నడిచినా చుట్ట ఆరదు, చీర కాలదు. పక్కింట్లో మగ్గం నేసుకునేదాన్ని, నాకు చూస్తేనే ఒళ్లు మండేది. చెబితే వినే మనిషైతేగా!

అంగిట్లో పుండు లేచింది. చేపముల్లు గుచ్చుకుందంది. మెడలో గడ్డలా బిళ్ళ కట్టింది. ముల్లు గుచ్చుకుంటే బిళ్ళ కట్టదా అంది. పసుపు, సున్నం కలిపి పూసుకుని మళ్లీ వేలానికి దిగింది. ఆమె చెల్లెలు సూర్యకళా నేనూ పోట్లాడి కాకినాడ ఆసుపత్రికి ఈడ్చుకెళ్లాం. పుండులోంచి తీసిన ముక్క పరీక్షలో క్యాన్సరని తేలింది.

"ఇది మనిషినెలా సంపుద్దండి? దాచకండి," అని దేవకుమారి డాక్టరు సారికగారిని నిలదీసింది.

ఆవిడా దాచలేదు. "అంగిట్లో పుట్టి మెడ బిళ్ళల్లోకి దిగుతుందమ్మా. అక్కడ ఆపకపోతే రక్తంలో కలిసి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కొందరికి మింగే దారి మూసుకుపోయి చిక్కిపోతారు. కొందరికి తిన్నది పొలమారి ఊపిరితిత్తుల్లో చీము పడుతుంది. కొందరికి ఊపిరాడదు, కొందరికి మెడలో రక్తనాళం తెగుతుంది. మీకు మెడదాకా వచ్చింది. ఊపిరితిత్తుల్లో లేకపోతే ఆపరేషన్ చేస్తాం. స్కాన్ చూద్దాం."

స్కాన్ వచ్చేదాకా మా ప్రాణాలు మా దగ్గర లేవు. "ఊపిరితిత్తుల్లో లేదు!" అని సారికగారు అనగానే సూర్యకళ వరండాలో గంతేసింది. దేవకుమారి ఏడ్చింది, నవ్వింది, వెంటనే ఇడ్లీ అడిగింది.

అంగిలి కొంత, మెడ బిళ్ళలు తీసేశారు. రేడియేషన్ ఇచ్చారు. అంగిలికి ప్లేటు అమర్చారు. అది పెట్టుకుంటేనే మాట.

మళ్లీ ఒడ్డుకొచ్చిన రోజు జనమే జనం! గొంతు ముక్కులోంచి వచ్చినా ఊపు తగ్గలేదు. పైగా కొత్త షరతు: "నోరు చూపించందే పాట లేదు!" చుట్ట కాల్చే ప్రతి ఆడమనిషి నోట్లోకీ సెల్‌ఫోను టార్చి వేసి చూసింది. ఒకటే గోల, నవ్వులు. అందరికంటే ఎక్కువ నవ్వింది సూర్యకళే. "నాకేం ఉంటదక్కా," అంటూ చుట్ట తీసి నోరు తెరిచింది.

దేవకుమారి నవ్వు ఆగింది. అంగిట్లో లేచిన చిన్న పుండు మీంచి టార్చి కదల్లేదు. చెల్లెలి మెడ రెండువైపులా తడిమింది, మళ్లీ తడిమింది.

"బిళ్ళ లేదే! ఇంకా మెడకి దిగలేదే!" అని ఒడ్డంతా వినపడేలా అరిచి, చెల్లెలి చెయ్యి పట్టుకుని కాకినాడ బస్సుకి పరుగెత్తింది.

సగం పాడిన పండుగప్ప చేపల బుట్ట ఇసకలోనే ఉండిపోయింది.