తీపి లేని మొదటి ఏడాది

మా పాప మొదటి సంవత్సరాన్ని నేను వాసనలతోనే గుర్తు తెచ్చుకుంటాను. వేగుతున్న నువ్వుల వాసన వస్తే ఆమె మొదటి నవ్వు. ఏలకులు నూరుతున్న వాసన వస్తే ఆమె బోర్లా పడిన ఉదయం. మా వైపు పసిబిడ్డ ఏ కొత్త పని చేసినా దానికొక తీపి వంట ఉంటుంది. నవ్వితే నువ్వుండలు, బోర్లా పడితే బెల్లం పూర్ణం పెట్టిన ఓళిగలు, అడుగులు వేస్తే అరిసెలు. వండి, బిడ్డ నాలుకకు కాస్త తాకించి, ఇంటింటికీ పంచుతారు.

మాది నిడుగల్లు కొండ కింద ఊరు. అవి వరుసగా వానలు ఎగ్గొట్టిన ఏళ్ళు. పాప చలికాలంలో పుట్టింది. మూడో నెలలో ఒక మధ్యాహ్నం ఉయ్యాల్లో పడుకుని, పైకప్పు సందులోంచి దిగిన ఎండలో తేలే దుమ్మును చూసి నవ్వింది. దుమ్మును చూసి నవ్వినవాళ్ళు ఆ ఏడాది మా ఊళ్ళో ఇంకెవరూ లేరు. మా అమ్మ ఆ సాయంత్రమే నువ్వుండలు కట్టి, బెల్లం అంటిన వేలు పాప నాలుకకు రాసింది. పాప కాసేపటికి కక్కుకుంది.

"పాలు ఎక్కువైండాయిలే," అంది అమ్మ. మేమూ అంతే అనుకున్నాం.

ఎండలు ముదిరాక పాప బోర్లా పడింది. తల ఎత్తి, పెద్ద పని చేసినదానిలా మా అందరినీ చూసింది. ఓళిగలు చేశారు, పూర్ణం నాకించారు. నేను పళ్ళెం పట్టుకుని పెళ్ళికొడుకులా వీధంతా తిరిగి పంచాను. తిరిగి వచ్చేసరికి పాప ఒళ్ళంతా చెమట. చేతులు చల్లగా, మెత్తగా వేలాడుతున్నాయి. నా భార్య ఆమెను కొంగులో చుట్టి కూర్చుని ఉంది.

"తీపి నాకిచ్చినప్పుడల్లా ఇట్లే అయితాండాది. నువ్వు చూసినావా?"

"ఊరంతా చూసిపోయింది గదా, దిష్టి తగిలుంటాది. ఉప్పు, మిరపకాయలు దిగదియ్యి. మంచి పూట ఈ ఏడుపేంది?" అన్నాను.

ఇంట్లో నాలుగక్షరాలు ఎక్కువ చదివినవాణ్ణి నేనే. ఆ మాట అన్నదీ నేనే.

అన్నం ముట్టించిన రోజు పాయసం పెట్టాం. అప్పటినుంచి వాంతులు ఆగలేదు. కక్కే పిల్లలకు ఉప్పు, చక్కెర కలిపిన నీళ్ళు పట్టాలని రేడియోలో విన్నాను. నా చేత్తోనే కలిపి, చెంచాతో కొంచెం కొంచెంగా పట్టాను. పట్టేకొద్దీ పాప వాడిపోయింది. కళ్ళు పచ్చబడ్డాయి, పొట్ట గట్టిపడింది. నేను మాత్రం చెంచా వదల్లేదు. ఇప్పటికీ ఎవరి ఇంట్లోనైనా గ్లాసులో చెంచా తిప్పుతున్న చప్పుడు వింటే నా చెయ్యి దానంతట అది ముడుచుకుంటుంది.

నేనూ, నా భార్యా బెంగళూరులో పిల్లల పెద్దాసుపత్రికి తీసుకుపోయాం. అక్కడ డాక్టరు అడిగిన ప్రశ్నలన్నిటికీ నా భార్యే జవాబు చెప్పింది. ఏ రోజు ఏమి నాకించామో, ఎంతసేపటికి కక్కిందో, అంతా. ఆయన మూత్రం, రక్తం పరీక్షలు చేయించి, కన్నడంలో ఒకటే మాట అన్నాడు: "సిహి బేడ." తీపి వద్దు. బెల్లం, చక్కెర, తేనె, పండ్లు, ఆఖరికి తియ్యటి మందు నీళ్ళు కూడా. వాటిలోని తీపిని అరిగించే సరుకు ఈ బిడ్డ కాలేయంలో పుట్టుకతోనే లేదు. తల్లిపాలు, అన్నం, నెయ్యి, మజ్జిగ, గుడ్డు పెట్టండి, మామూలుగానే పెరుగుతుంది అన్నాడు. తీపి ఆపిన కొన్నాళ్ళకే పాప కళ్ళు తెల్లబడ్డాయి. డాక్టరు మెడలో గొట్టాన్ని పట్టుకుని లాగింది.

తిరిగి వస్తుంటే మధుగిరి దాటాక బస్సులో అందరూ నిద్రపోయారు. బయట బీళ్ళు, బండలు, మళ్ళీ బీళ్ళు. పాప తల నా మోచేతి మీద బరువుగా ఊగుతోంది. నేను సంతోషంగా ఉండవలసినవాణ్ణి. 'రోగిష్టి పిల్ల' అని ఊళ్ళో ఎవరో అంటున్నట్టు చెవిలో వినపడుతూ ఉంది. రేపు దీన్ని ఎవరు చేసుకుంటారు, మా వంశంలో ఏదో ఉందని అనరా, అని ఏడు నెలల బిడ్డను ఒళ్ళో పెట్టుకుని ఆలోచించాను. ఊరు చేరేలోగా ఒక అబద్ధం తయారైంది.

"పాప బతికితే ఇంట్లో తీపి ముట్టబోమని మొక్కుకున్నానమ్మా," అని అమ్మతో చెప్పాను. ఆమె వెంటనే చేతులు జోడించింది. "ఎన్నాళ్ళురా?" అని అడిగింది. నేను ఆలోచించకుండా, "నడిచేదాకా," అన్నాను.

లోపలికి వచ్చాక నా భార్య నెమ్మదిగా అంది: "ఆమెకు నిజం చెప్పప్పా. బిడ్డను చూసుకునేది ఆమె గదా."

"నువ్వు ఊరుకో," అన్నాను. ఆమె ఊరుకుంది.

తర్వాతి నెలలు నాకు కలలాగే మిగిలాయి. చల్లిన విత్తనానికి సరిపడా వాన పడలేదు కానీ, మబ్బులు మాత్రం రోజూ వచ్చి కొండ మీద కూర్చుని పోయేవి. వాటి నీడలో పాప కూర్చోవడం నేర్చుకుంది. నీడ వెంట పాకింది. తలుపు పట్టుకుని నిలబడి, గాలికి తలుపు కదిలితే దానితోపాటు తనూ కదిలింది. మజ్జిగన్నం తిని మూతంతా తెల్లగా చేసుకుని నిద్రపోయేది. పాలు, నెయ్యి కలిసిన ఆ మెడ వాసన పీలుస్తూ నేనూ పగటిపూట నిద్రపోయేవాణ్ణి. ఎవరైనా అరటిపండు చూపిస్తే పెదవులు బిగించి మొహం తిప్పుకునేది. మాటలు రాని బిడ్డ తనకు ఏమి వద్దో మా అందరికంటే ముందే తెలుసుకుంది.

ఊళ్ళో నాకు మర్యాద పెరిగింది. ఒప్పుకోవాలి, అది నాకు నచ్చింది. హోటల్లో చక్కెర లేని టీ తాగుతుంటే పెద్దవాళ్ళు తలూపేవారు. హోటలాయన మాత్రం నవ్వేవాడు.

"ఏమప్పా, మొక్కు పాపదా, నీదా? నీ మొకం చూస్తే దేవుడే జాలిపడి చక్కెర పంపిస్తాడు."

పావగడ పోయినప్పుడు మాత్రం బస్టాండు పక్క అంగట్లో గోడవైపు తిరిగి మైసూర్ పాక్ తినేవాణ్ణి.

వేరుశెనగ, మా మాటలో చెనిక్కాయ, పీకే రోజులు వచ్చాయి. చెట్టుకు నిండుగా కాయలు లేకపోయినా పని తప్పదు కదా. కళ్ళంలో ఆడవాళ్ళు కాయలు ఒలుస్తుంటే పాప ఒక కుప్ప పట్టుకుని లేచి నిలబడింది. చెయ్యి వదిలింది. ఎండిన ఆకుల మీద గలగలమని నడిచి వెళ్ళి మా అమ్మ వీపు మీద పడింది. ఆడవాళ్ళంతా కేకలు పెట్టారు. నేను ఆ పూట కాయలు అమ్మే పని మీద వెళ్ళి, మర్నాడు మధ్యాహ్నానికి వచ్చాను. కళ్ళంలో అరిసెల గంప ఉంది. అమ్మ ఒడిలో పాప పెదవులు బిగించుకుని ఉంది.

"తిను తల్లీ, తిను. మీ నాయన మొక్కు తీరిపోయింది. ఇంగేం బయం ల్యా," అంటూ అమ్మ ఆ చిన్న నోరు వేలితో తెరిచి మెత్తటి ముక్క ఇంకొకటి పెట్టింది. నేను అరిచేలోపు పాప మింగింది.

"అది మొక్కు కాదమ్మా! బెల్లం తింటే సచ్చిపోతాది! డాక్టరు చెప్పినాడు!"

పని ఆగిపోయింది. నా భార్య చేను ఆ చివర నుంచి పరుగున వచ్చి పాపను లాక్కుంది. అప్పటికే పాప కక్కుతోంది, నుదురు చల్లబడుతోంది. పక్క చేను ఆయన మోపెడ్ తీశాడు. దారి పొడుగునా ఆమె పాప చెంపలు తడుతూనే ఉంది. పావగడ ఆసుపత్రిలో ఈసారి నేనేమీ దాచలేదు. ఉన్నదంతా గడగడా చెప్పాను. గ్లూకోజు ఎక్కించారు; ఆ తీపి వేరట, ఈ బిడ్డకు పడుతుందట. పొద్దు వాలే వేళకు పాప కళ్ళు తెరిచి, సూది ఉన్న చేతిని వింతగా చూసుకుంది.

తర్వాతి బస్సులో అమ్మ వచ్చింది. మంచం దగ్గరికి రాలేదు. గడప దగ్గరే నిలబడి తన వేలిని చీరకు తుడుచుకుంటూ ఉంది.

"నా చేత్తో పెట్టించినావు గదరా," అంది. నా భార్యే లేచి వెళ్ళి ఆమె చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చింది.

ఇంటికి వచ్చిన మర్నాడు అమ్మ పాపను చంకనేసుకుని బయలుదేరింది. నేను వెనకాల నడిచాను. ప్రతి గడప ముందూ ఆగి, "మా పాపకు బెల్లం, చక్కెర, పండ్లు పడవు. ఎవరూ పెట్టొద్దండమ్మా," అని చెప్పింది. నేను బస్సులో మధుగిరి నుంచి పావగడ దాకా వెతికినా దొరకని మాట అది. పడవు. అంతే.

"అవునా అక్కా? మా సిన్నోనికి వంకాయ పడదు, ఒళ్ళంతా దద్దుర్లే," అంది ఒకామె. "ఉప్పు చెనిక్కాయ పెట్టొచ్చునా?" అని అడిగింది ఇంకొకామె.

"అది వాళ్ళమ్మను అడగల్ల. దానికే తెలుసు," అంది అమ్మ. అని, వెనక్కి తిరిగి నా వైపు చూసింది.

"ఇంతకీ యా దేవునికి మొక్కుకున్నానని చెప్పినావురా?"

"పేరు చెప్పలేదమ్మా. నువ్వు అడగలేదు."

"అడగకుండానే చేతులు జోడిస్తి సూడు," అంది. నవ్విందో, మొహం తిప్పుకుందో నాకు తెలియలేదు. పాప దిగుతానని కాళ్ళు ఆడించింది. అమ్మ ఆమెను వీధిలో దించి, రెండు చేతులూ వదిలేసి, కొంచెం దూరంగా జరిగింది.