ముసలమ్మ ఖర్జూరం కొట్టు, నా సిమెంటు

నా చేత్తో కట్టినవాటిలో ఇప్పటికీ చెక్కుచెదరనిది ఒక్కటే ఉండి ఉంటుంది. చెక్కుచెదరకపోవడమే దాని దరిద్రం. డెబ్బైలలో ఒమాన్‌లో, బురైమిలో నేను పోసిన నేల అది. వినండి, నవ్వుతారో తిడతారో మీ ఇష్టం.

మా అర్బాబ్, అంటే నన్ను పనిలో పెట్టుకున్న అరబ్బు యజమాని, తన పాత ఇల్లు బాగుచేయిస్తున్నాడు. చలికాలం తల్లికి మోకాళ్లు పట్టేస్తున్నాయని, ఆమె గది నేల కింద పైపులు వేసి వేడినీళ్లు తిప్పమన్నాడు. పైపుల మేస్త్రీ కడప ఖాదర్ భాయ్. బాయిలర్ కోసం మస్కట్ పోతూ నాకు అప్పజెప్పాడు.

"అమ్మ గదిలో గాడి కొట్టి పైపులు పరిచిపెట్టప్పా. నేనొచ్చి చూసేదాకా సిమెంట్ పొయ్యొద్దు, యాద్ రఖో."

"నాకు తెల్వదా భాయ్! కరీంనగర్ల ఎన్ని ఇండ్లు కట్టిన!"

కట్టినవి రెండు. అందులో ఒకటి కోళ్లగూడు.

ముసలమ్మ రోజూ పోయి వచ్చే గది ఒకటుంది. అదే ఆమె గది అనుకున్నాను. లోపల ఖాళీ, నేలంతా వరసగా ముందే గాడి కొట్టి ఉంది! వెతకబోయిన తీగ కాలికి తగిలిందంటారు, నాకు తవ్వబోయిన గాడే తగిలింది. పైపులు కొలిచినట్టు కూర్చున్నాయి. అంత సుఖంగా సాగే పనిని ఎవడాపుతాడు? సిమెంటు కలిపాను.

సగం పోశానో లేదో ముసలమ్మ వచ్చింది. ఏదో అంటూ ఏడ్చింది, తాపీ పట్టిన నా చేయి పట్టుకుని లాగింది. ఆనందబాష్పాలు అనుకున్నాను, నా మొహం మండ!

"ఏడువకు అమ్మా, ఇగ నీ మోకాళ్ల నొప్పి పోయినట్టే!" అని మిగతా సగం ఇంకా హుషారుగా పోశాను.

ఖాదర్ భాయ్ వచ్చి తల పట్టుకున్నాడు. "యా అల్లా! ఏం పని చేస్తివప్పా! ఇది ఖర్జూరం నిలవేసే కొట్టు. సంచులు పేరిస్తే, బరువుకు కారే పాకం ఈ కాలవల్లోంచే కదా కుండలోకి పొయ్యేది! ఆమె అత్త కాలం నాటివి!"

"పలగ్గొడుదామా భాయ్?"

"పైపులూ పోతాయి. కాలవలు ఎట్లాగూ పాయె."

వేరే పైపులు లేవు. ఆ చలికాలం ముసలమ్మ మంచం కొట్టులోనే వేశారు. మోకాళ్లు వెచ్చబడ్డాయి. కానీ ఏటా వీధంతటికీ పాకం పంచే మనిషి, ఆ ఏడు గిన్నె పట్టుకుని పక్కింటికి వెళ్లడం నా కళ్లతో చూశాను. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆనాడే తాపీ మీద ఒట్టు వేశాను. ఇంటావిడను అడగందే ఆమె నేల ముట్టనని. భాష రాకపోతే అడిగేదెట్లా అంటారా? ముసలమ్మ ఏడుస్తూ చేయి పట్టుకుంటే ఆగడానికి అరబ్బీ రావాలా?