దాలమ్మ విడవని పథ్యం

2005 ఎండాకాలం. పలాస రైల్వే స్టేషను దారిలో ఉన్న చిన్న నర్సింగ్ హోమ్‌లో నేను స్టాఫ్ నర్సుని. మాది టెక్కలి. ప్రతి ఆదివారం విశాఖపట్నం నుంచి యూరాలజిస్టు, అంటే మూత్ర సంబంధమైన జబ్బులు చూసే డాక్టరు గారు వచ్చేవారు. ఆ రోజు మా వరండా అంతా ఉద్దానం ఊళ్ళ మగవాళ్ళే. కిడ్నీ కేసులు ఎక్కువ, మధ్యలో అక్కడొకటి ఇక్కడొకటి ప్రోస్టేట్ కేసులు.

ప్రోస్టేట్ అంటే మగవాళ్ళకి మూత్రసంచి కింద ఉండే చిన్న గ్రంథి. దానికొచ్చిన క్యాన్సర్ ముదరకముందే దొరికితే గ్రంథి మొత్తం తీసేస్తారు. ప్రాణం నిలుస్తుంది. కానీ ఆ గ్రంథిని ఆనుకుని రెండు పక్కలా సన్నటి నరాలుంటాయి. మగతనమని మనం మీసం మెలేసి చెప్పుకునేదంతా ఆ నరాల మీదే నడుస్తుంది. ఎంత జాగ్రత్తగా కోసినా అవి దెబ్బతినొచ్చు. కోలుకోడానికి ఏడాది, రెండేళ్ళు పట్టొచ్చు, కొందరికి కోలుకోవు కూడా. ఆపరేషన్‌కి ముందు ఈ మాట ఎవరి చెవికీ ఎక్కదు. తర్వాత అడుగుదామంటే సిగ్గు.

మందస దగ్గర ఊరి నుంచి లోకనాథం అనే రైతు వచ్చేవాడు. అరవైకి దగ్గర పడ్డ మనిషి, కొబ్బరి తోట, జీడి తోట ఉన్నాయి. అంతకుముందు ఏడాది విశాఖలో ఈ ఆపరేషన్ అయింది. జబ్బు తిరగబెట్టిందో లేదో తెలిపే పి.ఎస్.ఏ. అనే రక్తపరీక్షకి కొన్ని నెలలకోసారి మా దగ్గరికి వచ్చేవాడు. భార్య దాలమ్మ ప్రతిసారీ వెంట వచ్చేది గానీ వరండా బల్ల దాటేది కాదు. మగవాళ్ళ జబ్బు చూసే గదిలోకి ఆడవాళ్ళు రాకూడదని మా పక్క అదొక కట్టుబాటు. ఎవరు పెట్టారో ఆ దేవుడికే తెలియాలి.

ఆ ఆదివారం రక్తపరీక్ష బాగానే వచ్చింది. డాక్టరు గారు సరేనని పంపేశారు. లోకనాథం మాత్రం నా బల్ల దగ్గర తువ్వాలు మెలిపెడుతూ నిలబడిపోయాడు.

"ఏటి మావా, రక్తం బాగుంది కదా. ఇంకేటి?"

గోడకేసి చూస్తూ నెమ్మదిగా అన్నాడు. "ఆ మాత్తర్లు పనిసెయ్యట్లేదమ్మా."

కిందటిసారి డాక్టరు గారు రాసిన మాత్రలవి. సిల్డెనఫిల్ అంటారు. ఆ భాగానికి రక్తం బాగా పారేలా చేసే మందు.

"ఎలా వేసుకుంటున్నావేటి?"

"రేతిరి కడుపునిండా కూడు తినీసి ఏసుకుంతన్నాను. ఏసుకుని అరుగు మీద తొంగుంతాను. సూత్తాను, సూత్తాను. ఏటీ అవదు. నిద్దరొచ్చెత్తాది."

"మరి దాలమ్మత్త?"

"అది లోపల తొంగుంతాది."

"మాత్ర వేసుకున్నానని ఆవిడకి చెప్పావా?"

"ఓలమ్మా! దానికెందుకు సెప్తానమ్మా?"

నవ్వొచ్చి మొహం అటు తిప్పేసుకున్నాను. జ్వరం మాత్ర మింగినట్టు మింగి, చెమట పట్టేదాకా చూసినట్టు చూస్తూ పడుకుంటున్నాడట మహానుభావుడు! "ఆ మాత్ర రక్తానికి దారి ఇస్తుందంతే మావా. మనసు కదలాలి, మనిషి పక్కనుండాలి. పైగా కడుపునిండా తిని వేసుకుంటే దాని పని అది కూడా సరిగ్గా చెయ్యదు. అరుగు మీద ఒక్కడివీ పడుకుంటే అదేం చేస్తుంది పాపం?" అన్నాను.

అతను నవ్వలేదు.

"అది నా పక్కకి రాదమ్మా. ఆ మూత్రం గొట్టం తీసినాక సాన్నాళ్ళు నీళ్ళు కారిపోయీవి కదా, ఆ గుడ్డలన్నీ అదే ఉతికింది. రోత పుట్టీసింది కాబోలు. ఇంటికొచ్చిన కొత్తల్లో సెయ్యేత్తే తీసీసి గోడేపు తిరిగిపోయీది. మంచం కూడా అదే బయటేసింది." తువ్వాలు ఇంకో మెలిక తిప్పాడు. "జీడిపిక్కలేరడం అయిపోగానే తోటలో పాక బాగుసేసుకుని ఆడే ఉండిపోతాను. ఆ ఇంట్లో నానింకెందుకమ్మా?"

ముప్ఫై ఏళ్ళ పైబడిన కాపురం. నా నవ్వు ఎటు పోయిందో తెలియదు. క్యాన్సర్ నుంచి బతికొచ్చిన మనిషి జీడితోటలో ఒంటరిగా పడి ఉంటానంటుంటే ప్రాణం ఉసూరుమంది. అతన్ని కూర్చోమని చెప్పి వరండాలోకి వెళ్ళి, దాలమ్మని డ్రెస్సింగ్ రూములోకి తీసుకొచ్చి తలుపేశాను.

ఆవిడ మొహం పాలిపోయింది. "ఏటమ్మా, జబ్బు మళ్ళీ వచ్చీసిందేటి?"

"లేదత్తా, బాగుంది. ఇంట్లో ఎలా చూసుకుంటున్నావో అడుగుదామని."

ఊపిరి పీల్చుకుంది. "పథ్యం బాగా సేయిత్తన్నానమ్మా. వొంకాయ నేదు, గోంగూర నేదు. ఎండుసేప గుమ్మం తొక్కనేదు." తల వంచుకుంది. "ఆ పథ్యం కూడా సేత్తన్నాం."

"ఏ పథ్యం?"

"పెద్దాసుపత్రి నుంచి పంపినప్పుడు డాక్టరు బాబు సెప్పినారు కదా, లోపల కుట్లు పచ్చిగున్నాయి, కొన్నాళ్ళు ఏరేగా ఉండండని. ఆ కొన్నాళ్ళు అయిపోనాయని మళ్ళీ ఎవులూ సెప్పనేదు. నానెవుల్ని అడుగుతాను? ఈ వొయిసులో అడిగితే నవ్వరేటి?"

మా ఊళ్ళలో పథ్యమంటే తిండి ఒక్కటే కాదు, ఆలుమగలు దూరంగా ఉండడం కూడా అందులో భాగమే. పైగా వైద్యుడు పెట్టిన పథ్యాన్ని వైద్యుడే విడిపించాలి. పసరు మందు ఇచ్చినవాడు ఇక చాలు అనేదాకా ఉప్పు ముట్టని మనుషులం. ఆ లెక్కన దాలమ్మ చేసింది అక్షరాలా వైద్యమే.

"మరి ఆయన నీకు రోత పుట్టిందనుకుంటున్నాడత్తా."

"రోతేటమ్మా?" కళ్ళల్లో నీళ్ళు గిర్రున తిరిగాయి. "ఆ గుడ్డలు ఉతికినన్నాళ్ళూ బతికున్నాడు కదా అని సంబరంగా ఉతికినాను. సెయ్యేసినప్పుడల్లా నాకు గుండె జారిపోయీది, కుట్లు తెగిపోతే నా వొల్లే పోతాడని. గోడేపు తిరిగి ఏడిసీదాన్ని. ఆ మనిసి బతికుంటే సాలు నాకు."

ఇక ఆగలేదు నేను. ఆవిడ చెయ్యి పట్టుకుని నేరుగా డాక్టరు గారి గదిలోకి తీసుకెళ్ళి, లోకనాథాన్ని కూడా పిలిచాను. సంగతి విన్న డాక్టరు గారు పెన్ను పక్కన పెట్టి, రెండు కుర్చీలు పక్కపక్కన వేయించారు.

"ఆ కొన్నాళ్ళంటే కొద్ది వారాలేనమ్మా. ఎప్పుడో అయిపోయాయి. కుట్లు కరిగిపోయాయి. పక్కన పడుకున్నా, ముట్టుకున్నా జబ్బు తిరగబెట్టదు, నీకు అంటుకోదు. పథ్యం నేను విడిపిస్తున్నాను."

లోకనాథం భార్యకేసి చూశాడు. "ఇందుకేటే?"

"మరేటనుకున్నావు?" అందావిడ. అతను తువ్వాలుతో మొహం కప్పేసుకున్నాడు. డాక్టరు గారు కాసేపు కిటికీలోంచి బయటికి చూశారు.

తర్వాత ఇద్దరికీ దాపరికం లేకుండా చెప్పారు. మునుపటిలా ఉండకపోవచ్చు, వీర్యం రాదు, సుఖం మాత్రం పోదు. మాత్ర ఖాళీ కడుపుతో, గంట ముందు. గుండెనొప్పికి నాలిక కింద పెట్టుకునే మాత్ర వాడేవాళ్ళు దీన్ని ముట్టుకోకూడదు, ప్రాణం మీదకొస్తుంది. పని చెయ్యకపోతే రక్తాన్ని అక్కడికి లాగే పంపు ఉంది, ఇంజెక్షను ఉంది. అన్నిటికన్నా ముందు, అరుగు మీది మంచం లోపలికి తెచ్చుకోవాలి. అంతా విని దాలమ్మ అడిగింది, "అయితే వొంకాయ కూడా తినొచ్చేటి బాబూ?"

వానాకాలంలో మళ్ళీ వచ్చారు. ఈసారి పిలవకుండానే ఇద్దరూ కలిసి లోపలికొచ్చారు. ఎలా ఉందని అడిగితే లోకనాథం గోడకేసి చూడలేదు. "ఓపాలి అవుతాది, ఓపాలి అవదమ్మా. అవనినాడు ఇద్దరం నవ్వుకుంతాం."

"మరి తోటలో పాక?"

దాలమ్మ అందుకుంది. "పాక నిండా పిక్కల బస్తాలు ఏయించీసినాను సిస్టరమ్మా. ఇంకెక్కడ తొంగుంతాడు?"

ఆ తర్వాత నా చేతుల మీదుగా ఇంటికెళ్ళిన ప్రతి ప్రోస్టేట్ పేషెంటు పక్కనా భార్యని కూర్చోబెట్టాను. సిగ్గులేని నర్సని కొందరు తిట్టుకున్నారు, తిట్టుకోనీ. ఏ రోజు దాకా దూరంగా ఉండాలో ఇద్దరూ వినేలా చెబుతాను. ఆ రోజు దాటాక ఎలా దగ్గరవ్వాలో కూడా చెప్పి, అప్పుడే మందుల సంచీ చేతికిస్తాను.