మెడలో బిళ్ళలు

బట్ట విషయంలో నా వేళ్ళంటే నాకు మహా గర్వం. మా పుట్టిల్లు చల్లపల్లి దగ్గర, మగ్గం చప్పుడు వింటూ పెరిగాను. ఇప్పుడు పటమటలో మా ఇంటి ముందు గదిలోనే చేనేత చీరలు అమ్ముతాను. ఎవరైనా మరమగ్గం చీర తెచ్చి చేనేతదని అంటగట్టబోతే, కొంగు రెండు వేళ్ళ మధ్య నలిపి చూసి వెనక్కి పంపేస్తాను. అందుకే మెడ పక్కన బిళ్ళ కట్టినప్పుడు దాని సంగతీ నా వేళ్ళతోనే తేల్చేశాను. నొక్కితే నొప్పి లేదు. నొప్పి లేనిదానికి భయమెందుకు?

చిన్నప్పుడు కాలికి ముల్లు దిగి చీము పడితే గజ్జల్లో బిళ్ళ కట్టేది. అమ్మ సున్నం, బెల్లం కలిపి పట్టు వేసేది. పుండు మానాక బిళ్ళ కూడా కరిగిపోయేది. ఇదీ అంతేననుకుని నేనూ పట్టు వేశాను. కరగలేదు సరికదా, పక్కనే ఇంకోటి లేచింది. జాకెట్లు వదులయ్యాయి. సన్నబడ్డానని లోలోపల మురిసిపోయాను. మా ఆయనకి మాత్రం అన్నం సయించడం మానేసింది. ఆయన అక్కగారికి మెడలో బిళ్ళతోనే మొదలై చివరికి కాన్సరని తేలింది, ఆవిడ దక్కలేదు. ఆ మాట ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఒకరోజు పొద్దున్నే ఆటో తెచ్చి గుమ్మం ముందు నిలబెట్టారు.

డాక్టరు గారిది చిన్న వయసే. నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి నా వెనక నిలబడ్డారు. "బిగబట్టకండమ్మా, మెడ వదులుగా వదిలేయండి" అన్నారు. ఆమె వేళ్ళు గడ్డం కింద మొదలై, దవడ వెంబడి, చెవుల ముందూ వెనకా, మెడ పొడుగునా మెల్లగా రాస్తూ భుజాల దగ్గర గుంటల దాకా వచ్చాయి. తల తిప్పి చూద్దును కదా, ఆమె చూపు గోడ మీదుంది. జరీ అంచు పరీక్షించేటప్పుడు నేనూ అంతే, కళ్ళు ఎటో ఉంటాయి.

తర్వాత పళ్ళు, గొంతు చూశారు. జుట్టు పాయలు తీసి తలలో పుండ్లున్నాయేమోనని వెతికారు. చంకలు, గజ్జలు తడిమారు. పడుకోబెట్టి పొట్ట నొక్కారు. సాయంత్రాలు జ్వరం తగులుతోందా, రాత్రిళ్ళు చెమటలు పడుతున్నాయా, బరువు తగ్గారా అని అడిగారు. జాకెట్ల సంగతి అప్పుడు బయటపెట్టాను.

"బిళ్ళ మెడలో ఉంటే తలలో వెతుకుతారేంటండీ?"

"ఒంట్లో ఒక్కో పేటకి ఒక్కో కాపలా ఉంటుందమ్మా. కాలికి దెబ్బ తగిలితే గజ్జల్లోది వాస్తుంది, చేతికైతే చంకలోది. ఇది వాచిందంటే దీని పేటలో ఏం జరిగిందో చూడొద్దూ?"

అమ్మ పట్టు వేసిన ఆ బిళ్ళ, నా కాలి ముల్లుతో పోరాడుతున్న కాపలా అన్నమాట! ఇన్నేళ్ళుగా ఇంతమందిని ఒంట్లో మోస్తూ ఒక్కరినీ ఎరగను. ఆశ్చర్యానికి కూడా కళ్ళలో నీళ్ళు తిరుగుతాయని ఆ స్టూలు మీదే తెలిసింది.

"నొప్పి లేదు కదండీ, మంచిదేగా?" అన్నాను.

"నొప్పి ఉంటేనే నాకు కొంచెం ధైర్యమమ్మా. నొప్పి లేకుండా రాయిలా గట్టిగా, కదలకుండా ఉంటే భయపడతాం. మీవి అంత గట్టిగా లేవు, కానీ ఒకదానికొకటి అతుక్కున్నాయి. టీబీ ఏమోనని నా అనుమానం. చేత్తో చూసి తేల్చేయకూడదు, సూదితో కాస్త తీసి పరీక్షకి పంపిద్దాం."

అంత తెలిసిన వేళ్ళే తేల్చనన్నాయి. నేను సున్నం రాసి తేల్చేశాను.

పరీక్షలో టీబీ అనే వచ్చింది. ఆరు నెలలు మానకుండా మాత్రలు మింగితే తగ్గిపోతుందన్నారు. టీబీ అని విని నవ్విన మనిషిని మా ఆయన్నే చూశాను. ఆ నవ్వు ఇంకా ముఖం మీద ఉండగానే డాక్టరు గారు ఆయన వైపు తిరిగారు.

"మెడలో బిళ్ళల వల్ల ఇంకొకరికి అంటదండీ. కానీ ఈవిడకి ఎవరి నుంచి వచ్చిందో చూడాలి. మీకు దగ్గేమైనా ఉందా?"

"చీరల దుమ్ముకి కొంచెం వస్తుంటుందండీ."

"ఇప్పుడు మీరు కూర్చోండి."

ఆ స్టూలు మీద ఆయన కూర్చున్నారు. నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను. అవే వేళ్ళు ఆయన మెడ మీద నడుస్తున్నాయి. ఒకచోట ఆగాయి. వెనక్కి వచ్చాయి, మళ్ళీ అక్కడే తడిమాయి. నా మెడ మీద ఉన్నంతసేపూ వాటికి అబ్బురపడినదాన్ని, ఇప్పుడు చూడలేక కళ్ళు మూసుకున్నాను. ఇన్నాళ్ళూ కంచం ముందు ఆయన ఎలా కూర్చున్నారో అప్పుడు అర్థమైంది.

"ఏం లేదండీ. ఎందుకైనా మంచిది, ఎక్స్‌రే తీయించండి" అన్నారామె. అదీ శుభ్రంగానే వచ్చింది.

ఇంటికొచ్చేటప్పుడు ఆటోలో ఆయన, "ఆకలేస్తోందే" అన్నారు. ఇంటికెళ్ళి పప్పుచారు కాచి వడ్డిస్తే మారు అడిగి మరీ తిన్నారు. ఆయన మెడ మీద ఆగిన ఆ వేళ్ళే కళ్ళ ముందు మెదులుతుంటే, ఆ పూట నాకే ముద్ద దిగలేదు.