వారానికి సున్నా గంటలు

ఈ సంగతి నా డైరీకి కూడా చెప్పలేదు. హనుమకొండలో నేను పనిచేసే ఫిజియోథెరపీ క్లినిక్‌లో, ఒకామె కాగితం మీద ఆమె చెప్పకుండానే నేనే జవాబులు రాశాను.

నా పని చిన్నదే. మందుల షాపు మీద మొదటి అంతస్తులో రెండు గదులు. లోపలి గదిలో మేడమ్ వైద్యం చేస్తారు. బయటి గదిలో టేబుల్ వెనక నేనుంటాను. కొత్తగా వచ్చినవాళ్ల పేరు, వయసు, ఏం పని చేస్తారు, వారానికి ఎన్ని గంటలు ఎక్సర్‌సైజ్ చేస్తారు అని అడిగి కాగితం నింపాలి. నాలుగే ప్రశ్నలు. కానీ నా గొంతు టేబుల్ దాటదు. అడిగితే "ఆఁ?" అంటారు. రెండోసారి అడుగుతాను. మళ్లీ "ఆఁ?" అంటారు. మూడోసారి అడగడం నావల్ల కాదు. సొరుగులో లైబ్రరీ పుస్తకం ఒకటి సగం తెరిచి పెట్టుకుంటాను. అందులో మనుషులు ఎవరూ అడగకుండానే అన్నీ చెప్పేస్తారు.

ఆ రోజు బయటి గదిలో రిటైరైన లెక్కల సారు కూర్చున్నారు. పొద్దున గంటన్నర వాకింగ్, ఆ మీద యోగా, సాయంత్రం జిమ్ము, ఆదివారం సైకిల్. రెండు మోకాళ్లూ వాచి వచ్చారు. వారానికి రెండు రోజులు ఏమీ చేయకండి అని మేడమ్ చెప్పినప్పటి నుంచి, బెంచీ ఎక్కించిన పిల్లాడిలా మొహం పెట్టుకున్నారు.

"ముప్ఫై ఏండ్లల్ల ఒక్క పీరియడ్ ఎగ్గొట్టలేదమ్మా నేను. ఇప్పుడు వారానికి రెండు రోజులు ఎగ్గొట్టుమంటది మీ మేడమ్" అని నాతో అంటున్నారు. అప్పుడే ఆమె వచ్చింది.

వర్ధన్నపేట దాటాక ఏదో ఊరు. యాభై దాటి ఉంటాయి. ఎర్ర అంచు పట్టుచీర, నూనె పెట్టి దువ్విన తల, కొప్పులో పూలు. కుడిచేతిని ఎడమచేత్తో, నిద్రపోయిన చంటిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకుంది. పేరూ వయసూ తనే చెప్పింది. ఏం పని చేస్తారని అడిగాను.

"ఏం బిడ్డా?"

మళ్లీ అడిగాను. ఆమె ముందుకు వంగింది. నేనేం అంటున్నానో చూద్దామని సారు కూడా మాటలాపి ముందుకు వంగారు. రెండు తలలు నా మీదికి వచ్చేసరికి నా గొంతులో ఉన్న కాస్తా ఆరిపోయింది. చీర వంక చూశాను. ఉన్నవాళ్లే, ఇంట్లో కోడళ్లు ఉండి ఉంటారు అనుకున్నాను. 'గృహిణి' అని రాశాను. ఎక్సర్‌సైజ్ దగ్గర సున్నా చుట్టాను. పట్నం దవాఖానకు చేను బట్టల్లో ఎవరూ రారని నాకు తెలియక కాదు. మా అమ్మ కూడా పన్ను పీకించుకోవడానికి పట్టుచీరే కట్టుకుంది.

తలుపు సందులోంచి లోపలి మాటలు వినపడ్డాయి.

"నెత్తి దువ్వుకుందమంటె చెయ్యి లేస్తలేదు మేడం. ఈ కొప్పు గూడ మా బిడ్డ పెట్టింది. నా చెయ్యి నాకొస్తె చాలు."

"కదలిక లేక పట్టేసిందమ్మా. ఇంట్లోనే కూర్చుంటే ఇట్లనే అయితది. నాలుగు ఎక్సర్‌సైజ్‌లు చెప్తాను, రోజుకు మూడుసార్లు చేయండి. అరగంట నడవండి కూడా."

"చెప్పినయన్ని చేస్త మేడం" అంది ఆమె. అదే కొంప ముంచింది.

పది రోజులకు మళ్లీ వచ్చింది. లోపల ఇంకొకరు ఉంటే సారు పక్కన కూర్చుంది. చెయ్యి ఎట్లున్నదమ్మా అని సారు అడిగారు.

"ఏం జెప్పాలె సారూ. అప్పుడు గడ్డం దాక లేస్తుండె. ఇప్పుడు రొమ్ముకాడ్నే ఆగుతాంది. ఒక్కటి తప్పకుంట చేసిన. ఐతారం తప్ప రోజు పొద్దుగాల ఏడుకు పత్తిచేన్ల దిగుతం, అయిదింటి దాక ఏరుడే. నా ఎంబడి పదిమంది ఆడోళ్లు. నేను ముందు సాలు వడితెనే ఆళ్లు కదుల్తరు. మధ్యల మేడం చెప్పినయి. గోడకు వేళ్లు పాకియ్యాలన్నది. చేన్ల గోడ యాడిది? ట్రాక్టరు డబ్బాకు పాకిచ్చిన. నన్ను జూసి పదిమంది వరుసగ నిలవడి పాకిచ్చిన్రు. ఆసామి ఉరికొచ్చిండు, బండిని నెడ్తాన్రా ఏందే అనుకుంట."

సారు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. పత్తిచేను అన్న మాట దగ్గరే నా పెన్ను ఆగిపోయింది.

"మరి నడక?"

"ఇంటికొచ్చినంక అరగంట నడుస్తాన. ఎదురొచ్చినోళ్లు యాడికి పోతానవ్ అంటరు. యాడికి లేదు, ఉత్తగనే అంటె, ఇంట్ల కొట్లాటయిందా అంటాన్రు. మా అల్లునికి ఫోను గూడ చేసిన్రు."

సారు వేళ్లు మడిచి లెక్కేశారు. "రోజుకు పది గంటలు, ఆరు రోజులు. అరవై. నడక కాకుండనే." మడిచిన వేళ్లను ఒకసారి చూసుకున్నారు. తర్వాత, రెండో ర్యాంకు వచ్చిన పిల్లాడిలా, "నాది పద్దెనిమిదే" అన్నారు. "ఈ మాట మొదలే మేడమ్‌కు చెప్పకపోతివా అమ్మా?"

"నన్నెవలడిగిన్రు సారూ?"

ఆమె నా వైపు చూడనైనా లేదు. అయినా నా చెవులు కాలిపోయాయి. ఆమె పాత కాగితం బయటికి తీసి, సున్నాకు ముందు ఆరు అంకె వేశాను. మేడమ్ టేబుల్ మీద పెట్టి వచ్చి కూర్చున్నాను. నోరు తెరవకుండా తప్పు దిద్దేశానని ధైర్యం తెచ్చుకున్నాను. ఆమె లోపలికి వెళ్లింది.

"ఇదేంటి, అరవై? నిమిషాలా?" లోపలి నుంచి మేడమ్ అరిచారు. "అయితే సరిపోదమ్మా, ఇంకా పెంచాలె."

లేచి తలుపు దగ్గరికి పోయాను. "గంటలు" అన్నాను.

"ఆఁ?"

"గంటలు, మేడమ్."

"ఆఁ?"

మేడమ్ ఆమె చేతిని పట్టుకొని పైకి లేపుతున్నారు. ఆమె పళ్లు బిగబట్టింది, కంట్లో నీళ్లు తిరుగుతున్నాయి. మూడోసారి నా నోట్లోంచి వచ్చిన గొంతు ఎవరిదో నాకు తెలియదు.

"గంటలు మేడమ్! వారానికి అరవై గంటలు! ఆమె పత్తి ఏరుతది! ఆ చెయ్యి వదలండి!"

బయట సారు లేచి నిలబడ్డారు. కింద మందుల షాపతను మెట్ల దగ్గరికి వచ్చి ఏమైందని అడిగాడు.

మేడమ్ చెయ్యి వదిలి కాగితం చూశారు. "మరి ఇక్కడ గృహిణి అని ఉన్నది?"

నేను నేల వంక చూశాను. నాలుగు గచ్చు పలకలు లెక్కపెట్టాను. అప్పుడు ఆమె గొంతు వినపడింది.

"నేనే అట్ల చెప్పిన మేడం. పట్నం దవాఖానల కూలిదాన్నని ఏం జెప్పాలె అని."

మేడమ్ కాగితం మీద మూడు ఎక్సర్‌సైజ్‌లు కొట్టేశారు. నడక కొట్టేశారు. "వారమంతా అరిగిన చెయ్యికి ఇంకా పని చెప్పిన నేను" అన్నారు, తనను తానే తిట్టుకుంటున్నట్టు. "ఎన్ని గంటలు చేసినమనేది సగం లెక్కే అమ్మా. చేసినాక తేరుకునే టైం దొరికిందా లేదా అన్నది మిగతా సగం. రెండు వారాలు పత్తి ముట్టొద్దు."

"రెండు వారాలా! ఆ పదిమందిని ఎవలు నడిపియ్యాలె?"

"చేను ఒడ్డు మీద కూర్చొని మీరే నడిపియ్యండి."

"కూసోని నడిపిస్తె నోరు నొస్తది మేడం."

ఆమె వెళ్లాక సారు నా దగ్గరికి వచ్చి, శని, ఆది ఎక్సర్‌సైజ్‌కు తను సెలవు పెడుతున్నట్టు మేడమ్‌కు చెప్పమని గంభీరంగా చెప్పి వెళ్లారు.

రెండు వారాలు మూడయ్యాయి. ఆ మూడు వారాలూ నేను ఆమెకు చెప్పాల్సిన మాటలు బస్సులో, వంటింట్లో, అద్దం ముందు అనుకుంటూనే ఉన్నాను. ఆఖరిసారి వచ్చిన రోజు ఆమె, మేడమ్ గదిలోంచి బయటికి వచ్చి, నా టేబుల్ ముందు నిలబడి, రెండు చేతులూ పైకెత్తి తన కొప్పు తనే విప్పి మళ్లీ ముడేసుకుంది. కుడిచెయ్యి కొంచెం ఆలస్యంగా వచ్చింది, కానీ వచ్చింది.

నేను లేచి నిలబడ్డాను. పెదవులు కదిలాయి. ఆమె ముందుకు వంగి కాసేపు చూసింది. ఏమీ వినపడలేదు. సంచి భుజానికి వేసుకుంది, ఎడమ భుజానికే.

"రోజుకు పదిసార్లు ఎవల్నన్న గట్టిగ పిలువు బిడ్డా" అంది. "ఐతారం మాత్రం రెస్టు తీసుకో."