నాపరాళ్ళ మీద నాయనమ్మ దారి

నాకు ఊహ తెలిసేనాటికే నాయనమ్మకు చూపు లేదు. కొత్తగా మా ఇంటికి వచ్చినవాళ్ళకు మాత్రం ఆ సంగతి వెంటనే తెలిసేది కాదు. వాకిట్లో పలకరింపు వినపడగానే మంచం మీద నుంచి లేచి, వంటింట్లోకి వెళ్ళి, చెంబుతో మంచినీళ్ళు తెచ్చి సరిగ్గా వాళ్ళ ముందు నిలబడేది. చెంబు అందుకునేటప్పుడు ఆమె కళ్ళు ఎటో చూస్తుండటం గమనించి ఉలిక్కిపడేవాళ్ళు.

ఆమెకు దారి చెప్పేది ఆ ఇంటి మట్టినేల. మాది గురజాల దగ్గర పల్లె. రాతిగోడలు, పెంకుల కప్పు, లోపల ఏళ్ళ తరబడి పేడతో అలికి గట్టిపడిన నేల. గడప లోపల అందరి పాదాలూ పడి అరిగిన పల్లం ఉండేది. ఇంటి నడుమ కప్పును మోసే నిట్రాడు చుట్టూ కొద్దిపాటి ఎత్తు. తిరగలి దగ్గర నేల నున్నగా, పొయ్యి దగ్గర వెచ్చగా, పెరటి తలుపు దగ్గర ఎప్పుడూ కాస్త చెమ్మగా తగిలేది. ఆ నేల చాలామటుకు ఆమె చేతుల మీదుగా తయారైందే. చూపు పోయాక కూడా ఆదివారం ఆరాధనకు ముందు ఇల్లు శుభ్రంగా ఉండాలని శనివారం పూట తానే అలికేది. "నేను యాడ ఉండానో నా కాళ్ళకు తెలుసే" అనేది నాతో.

మట్టినేల గురించి ఇప్పుడు ముచ్చటగా చెప్పుకునేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. వాళ్ళెవరూ నేల అలికి ఉండరు. వానాకాలం వస్తే గోడల వెంట చెమ్మ ఎక్కేది. ఎలుకలు బొరియలు చేసేవి. నెర్రెల్లో నుంచి తేళ్ళు వచ్చేవి. ఒకసారి అమ్మను తేలు కుట్టి, తెల్లారేదాకా ఆమె పడ్డ బాధ నేను పక్కనే కూర్చుని చూశాను. అందుకే ఇంట్లో రాళ్ళు పరిపిద్దామని ముందుగా అడిగింది అమ్మే. మాచర్ల రాయి కోసం ఎక్కడెక్కడి నుంచో లారీలు వస్తుంటే, పక్కనే ఉన్న మనం మట్టిలో కూర్చోవడమేమిటని నాన్నకూ పట్టుదల వచ్చింది. ఎనభైల మొదట్లో మా వీధిలో ఒక్కొక్క ఇల్లే నాపరాళ్ళలోకి మారుతోంది.

నాన్న బడిలో లెక్కలు చెప్పేవాడు. కొలత తెలిస్తే లోకంలో ఏ పనైనా చేసేయొచ్చని ఆయన నమ్మకం. తాపీ మేస్త్రిని పిలుద్దామని అమ్మ అంటే ఎగతాళి చేశాడు.

"రాయి పక్కన రాయి పెట్టడానికి మేస్త్రి ఎందుకే? సెలవుల్లో నేనూ తమ్ముడూ ఏసేస్తాం."

దుమ్ములో ముసలామె ఎక్కడ కూర్చుంటుందని, పని అయ్యేదాకా నాయనమ్మను ఈపూరులో మా మేనత్త ఇంటికి పంపాలనుకున్నారు. మంచి ఉద్దేశంతోనే. బస్సుకు బయల్దేరే ముందు ఆమె నిట్రాడు పట్టుకుని నిలబడి, పాదంతో కింద తడిమి చూసుకుంది.

"ఒరేయ్, ఈడ ఎత్తు ఇట్టాగే ఉంటదా?"

నాన్న నవ్వాడు. "ఎత్తుపల్లాలు తీసెయ్యడానికే గదమ్మా ఈ పనంతా!"

ఆమె చీర కొంగు సర్దుకుని బాబాయి చెయ్యి పట్టుకుని బస్సెక్కింది.

ఆ ఎండాకాలమంతా మా ఇంట్లో నాన్న, బాబాయి, అమ్మ ముగ్గురూ పని చేశారు. పాత నేలను గునపాలతో తవ్వి మట్టిని వాకిట్లో కుప్ప పోశారు. తడిపి దిమ్మిసతో గట్టి చేశారు, ఇసుక పరిచారు, దాని మీద రాళ్ళు దించారు. మొదట వేసిన వరస వంకర పోతే నాన్న దాన్నంతా లేపి మళ్ళీ వేశాడు. సందుల్లో సిమెంటు నింపింది అమ్మ. బాబాయి చేతులు బొబ్బలెక్కి అన్నం కలుపుకోలేకపోతే అమ్మే ముద్దలు చేసి పెట్టింది. రసమట్టం పెట్టి ప్రతి రాయినీ చూసుకున్నాక, నాన్న ఇంటి నడుమ నా గోళీ ఒకటి పెట్టాడు. అది కదల్లేదు. ఇంటికి ఎవరొచ్చినా ఆ గోళీ పెట్టి చూపించేవాడు. నీళ్ళు పోసి కడిగితే అవి కూడా అలాగే కదలకుండా నిలబడతాయని ఆయనకు అప్పటికి తట్టలేదు.

నిజం చెప్పాలంటే ఇల్లు చాలా బాగుంది. నల్లగా, చల్లగా, తిన్నగా ఉంది. అమ్మ ఒక మధ్యాహ్నం చాప కూడా వేసుకోకుండా రాళ్ళ మీదే వెల్లకిలా పడుకుని నిద్రపోయింది. ఆమె అంత నిశ్చింతగా నిద్రపోవడం నేను అంతకు ముందు చూడలేదు.

బడి తెరిచేముందు నాయనమ్మను తీసుకొచ్చారు. ఇల్లు ఎంత బాగా కుదిరిందో నాన్న చెప్పకుండా దాచి, ఆమె అడుగు పెట్టగానే సంబరపడుతుందని ఎదురుచూస్తున్నాడు. ఆమె గడప దాటింది. పల్లం కోసం దించిన పాదం ముందుగానే రాయికి తగిలేసరికి, చప్పున వెనక్కి తీసుకుంది.

"ఇది ఎవరిల్లురా?"

"మనిల్లే అమ్మా. రాళ్ళేశాం. అద్దంలాగా ఉంది."

ఆమె నెమ్మదిగా లోపలికి నడిచింది. కొంచెం దూరం పోయి ఆగింది. నిట్రాడు ఉండాల్సిన వైపు చెయ్యి చాచింది, అందలేదు. అటు తిరిగింది, ఇటు తిరిగింది. చివరికి గాల్లో చేతులు పెట్టుకుని అలాగే నిలబడిపోతే, అమ్మ వెళ్ళి మంచం దగ్గరికి నడిపించింది. ప్రయాణం బడలిక అన్నాడు నాన్న.

బడలిక కాదని రెండు మూడు రోజుల్లో అందరికీ తెలిసింది. నాయనమ్మ మంచం దిగడం మానేసింది. పెరట్లోకి వెళ్ళాలంటే ఎవరో ఒకరిని పిలవాలి. అలా పిలవడం ఆమెకు ఎంత కష్టంగా ఉండేదో, అందరం పనుల్లో ఉన్నప్పుడు పిలవకుండా ఓర్చుకుని కూర్చునేది. నీళ్ళు తాగడం తగ్గించింది.

గోడ పట్టుకుని నడవమంటే, గోడ వెంట ధాన్యం కుండలు, పెట్టెలు అడ్డం. నాన్న మంచానికీ పెరటి తలుపుకీ మధ్య తాడు కట్టాడు. దాన్ని తాకి చూసి ఆమె మొహం చిట్లించింది.

"గొడ్డును కట్టేసినట్టు ఏందిరా ఇది? ఇప్పెయ్."

ఒకరోజు నేను బడి నుంచి వచ్చేసరికి ఇంట్లో ఎవరూ లేరు. నాయనమ్మ నట్టింట్లో రాళ్ళ మీద కూర్చుని ఉంది. పడిపోలేదు, దెబ్బ తగల్లేదు. నడవబోయి దారి తప్పి, ఇక అడుగు వేయడానికి భయపడి, ఉన్నచోటనే కూలబడింది. చీర తడిసి ఉంది. నా అడుగుల చప్పుడు విని తల తిప్పింది.

"అమ్మాయ్, నేను ఎటు తిరిగి కూర్చున్నానే?"

నాకు ఏడుపొచ్చింది. సొంత ఇంట్లో, తన మంచానికి నాలుగు బారల దూరంలో, ఆమె ఆ మాట అడగాల్సి రావడం నాకు ఇవాళ్టికీ భరించలేని సంగతి.

అమ్మ వచ్చి ఆమెకు స్నానం చేయించి, చీర మార్చింది. నాన్న బడి నుంచి రాగానే ఎదురుగా నిలబడింది.

"మన తిరగలి అరిగిపోతే కక్కు కొట్టిస్తాం గదా. ఆ రాళ్ళకు కూడా కొట్టు."

కక్కు కొట్టడమంటే ఉలితో చిన్న చిన్న గంట్లు పెట్టి రాయిని గరుకు చేయడం. నునుపెక్కిన తిరగలికి గింజ నలగదు కాబట్టి, మా వైపు ఏడాదికోసారి ఎవరో ఒకరు వీధిలోకి వచ్చి రోళ్ళకూ తిరగళ్ళకూ ఆ పని చేసిపోతారు. ఇంటి నేలకు కక్కు కొట్టడం మాత్రం ఎవరూ వినలేదు.

"అద్దంలాంటి రాళ్ళను చెడగొట్టమంటావా?" అన్నాడు నాన్న.

"రాళ్ళు అద్దంలాగా ఉంటే మీ అమ్మకేం కనపడిద్దయ్యా?"

ఆ పూట నాన్న అన్నం కూడా సరిగా తినలేదు.

ఆదివారం ఆరాధన నుంచి వచ్చాక ఆయన ఉలి, సుత్తి తెచ్చుకుని మంచం పక్కన కూర్చున్నాడు. మొదటి రాయి మీద గంట్లు పెట్టి, నాయనమ్మ పాదాన్ని రెండు చేతులతో పట్టుకుని దాని మీద పెట్టాడు.

"తెలుస్తుందా అమ్మా?"

"ఇంకాస్త కొట్టు."

మళ్ళీ కొట్టాడు. మళ్ళీ పాదం పెట్టి చూపించాడు. అలా ఒక్కో రాయీ ఆమెను అడిగి అడిగి, మంచం నుంచి నిట్రాడు దాకా, అక్కడి నుంచి వంటిల్లు, పెరటి తలుపు దాకా వరస సాగింది. మలుపు తిరగాల్సిన చోట గంట్లు అడ్డంగా పెట్టమంది. గడప దగ్గర దట్టంగా కొట్టమంది. ఒక రాయి పగిలింది. దాన్ని మార్చబోతే వద్దంది, ఆ పగులు గుర్తుగా ఉంటుందట. అంతటి కొలతల మనిషి ఆ మాటలన్నీ తలవంచుకుని విన్నాడు. పని ముగిసేదాకా రసమట్టం పెట్టెలోనే ఉంది.

నాయనమ్మ మళ్ళీ నడిచింది. తనంతట తాను పెరట్లోకి వెళ్ళింది, వచ్చినవాళ్ళకు నీళ్ళు తెచ్చి ఇచ్చింది. అయితే అంతా సర్దుకుందని నేను చెప్పను. ఇంతకు ముందు ఇల్లంతా ఆమెదే. ఇప్పుడు గరుకు రాళ్ళ వరస ఒక్కటే ఆమెది. దాని మీద నుంచి పాదం పక్కకు జారితే ఆగిపోయి, మళ్ళీ గరుకు తగిలేదాకా వెతుక్కునేది. అలికే పని పోయాక శనివారాలు ఆమె చేతులు ఒళ్ళో ఊరికే పడి ఉండేవి. మట్టిపొయ్యిని మాత్రం అమ్మ ఆమెకు వదిలిపెట్టింది. దాన్నే ఎంతసేపైనా అలుకుతూ కూర్చునేది.

ఆ తర్వాత రెండేళ్ళకు నాయనమ్మ చనిపోయింది. మరుసటి ఎండాకాలం మా ఎదురింటాయన తన ఇంట్లో రాళ్ళు వేసుకోవాలనుకుని, చూసిపోదామని వచ్చాడు. వాళ్ళింట్లోనూ వాళ్ళమ్మ ఉంది. నాన్న ఓపిగ్గా అన్నీ చెప్పాడు. నీళ్ళు పోవడానికి పెరటి వైపు వాలు పెట్టుకోమన్నాడు. ఇసుక బాగా తడిపి దిమ్మిస వేయమన్నాడు. ఆయన అన్నీ విని, చివరికి గరుకు వరస దగ్గర ఆగాడు.

"ఇప్పుడు ఇది దేనికి మాస్టారూ? ఈ రాళ్ళు తీసి కొత్తయి ఏసుకుంటే ఇల్లంతా ఒకటిగా ఉంటది గదా."

"ఉండనీలేబ్బా."

"సరే, ఒక మాట చెప్పండి. మళ్ళీ మొదటి నుంచి చెయ్యాల్సొస్తే, ఇట్టాగే మీరే ఏస్తారా?"

నాన్న చెప్పులు లేని కాలితో ఆ గంట్లను కాసేపు రాసి చూశాడు.

"రాళ్ళే ఏస్తా. నా చేత్తోనే ఏస్తా. కాకపోతే మా అమ్మను ఈపూరు పంపను. ఈడే కూర్చోబెట్టుకుని, ఏసిన ప్రతి రాయి మీదా ఆమె కాలు పెట్టించి, బాగుందా అమ్మా అని అడిగి, అప్పుడు రెండోది ఏస్తా" అన్నాడు.

ఎదురింటాయన తలొంచుకున్నాడు. ఆ ఎండాకాలం వాళ్ళింట్లో రాళ్ళు పరుస్తున్నన్నాళ్ళూ, వాళ్ళమ్మ దుమ్ములోనే, నట్టింట్లో, పీట వేసుకుని కూర్చునే ఉంది.