వంపులో స్తంభాలు

కైకలూరు నుంచి భీమవరం వెళ్లే రైలు బళ్లకు డీజిల్ ఇంజన్లు ఉన్నంతకాలం వేగం కట్టడం నాకు చెవులతో పని. అప్పట్లో ఒక్కో పట్టా పదమూడు మీటర్లు. అతుకుల మీద చక్రాల చప్పుడు నలభై ఏడు సెకన్లలో ఎన్నిసార్లు వినిపిస్తే, గంటకు అన్ని కిలోమీటర్లు. ఇది నాకు ఎవరూ నేర్పలేదు. చేపల చెరువులకు మేత లెక్కలు చూసే ఉద్యోగం నాది; ఖాళీ దొరికినప్పుడు నేనే గుణించి పట్టుకున్నాను.

తరువాత పట్టాలను పొడుగునా కలిపి అతికారు. చప్పుడు పోయింది. ఆ వెనకే కరెంటు ఇంజన్లు వచ్చాయి. తీగలను మోసే స్తంభాలను లెక్కపెట్టడం మొదలుపెట్టాను. వాటిని పాతిన మేస్త్రీని అడిగితే, మధ్య దూరం డెబ్బై రెండు మీటర్లన్నాడు. అంతకంటే నాకేం కావాలి?

ఒక ఉదయం చెరువుల మధ్య పెద్ద వంపులో బండి వెళుతుంటే నిమిషానికి ఇరవై అయిదు స్తంభాలు దాటాయి.

"గంటకు నూట ఎనిమిది. ఇక్కడ బోర్డు మీద ఉన్నది తొంభై," అన్నాను పైకే.

ఎదురు సీటులో మా చెరువులకు మేత అమ్మే కొట్టు ఆయన కూర్చున్నాడు. నా మాటలను ఫోన్‌లో రికార్డు చేసి, రోజూ వెళ్లే ప్రయాణికుల గ్రూపులో పెట్టాడు. ఆ బండి నడిపింది మా అక్క భర్త అని మా ఇద్దరికీ తెలియదు.

ఆదివారం తాడేపల్లిగూడెంలో అక్క ఇంటికి వెళ్లాను. బావగారు చర్చి నుంచి వచ్చి చొక్కా కూడా మార్చుకోలేదు.

"రండి లెక్కల మాస్టారూ," అన్నారు. "నీ మాట ఫోన్లలో మా వీధి దాకా వచ్చింది. నన్ను చూసి, నూట ఎనిమిది బండి వచ్చింది, దారివ్వండర్రా అంటున్నారు. అంబులెన్సుకు అమ్మా మొగుడినైపోయాను."

"మీ ఇంజన్‌లో వేగం రికార్డవుతుంది కదండీ?"

"ఆఫీసుకు అది చూపిస్తాను. వీధికేం చూపించను? ఇరవై ఏళ్లుగా జాగ్రత్తగా నడుపుతాడన్న పేరు నాది. పదో తరగతి దాటనివాడివి, బళ్ల వేగం నీకెందుకయ్యా?"

"పదో తరగతి దాటకపోయినా ఇరవై అయిదు ఇరవై అయిదేనండి," అన్నాను.

"నీ నోరు కాస్త ఆపరా తమ్ముడూ," అంది అక్క, కూర గిన్నె కింద పెడుతూ.

అన్నం తిన్నాను గానీ తగ్గలేదు. అయితే, తగ్గకుండా ఉండాలంటే లెక్క సరిచూసుకోవాలి. ఒక్కో స్తంభం మీద కిలోమీటరు అంకె, దాని కింద ఆ కిలోమీటరులో స్తంభం వరుస అంకె రాసి ఉంటాయి. మర్నాడు కిటికీ పక్కన కూర్చుని వాటిని చదివాను. తిన్నని దారిలో రెండు కిలోమీటర్లకు ఇరవై ఎనిమిది. వంపు ఉన్న రెండు కిలోమీటర్లకు ముప్పై ఏడు.

వంపులో తీగ పట్టాల మీద నుంచి పక్కకు జరగకుండా స్తంభాలు దగ్గర దగ్గరగా వేస్తారు. అక్కడ మధ్య దూరం యాభై నాలుగు మీటర్లే. అంటే బావగారు నడిపింది గంటకు ఎనభై ఒకటి మీదే. మేస్త్రీ చెప్పింది తిన్నని దారి సంగతి. అన్ని చోట్లా అంతేనని అనుకోవడం నా తప్పు.

భీమవరం రాకముందే అదే పెట్టెలో లేచి నిలబడ్డాను. మేత కొట్టు ఆయనను మళ్లీ ఫోన్ తీయమన్నాను. ఇరవై అయిదును యాభై నాలుగుతో గుణించి వినిపించాను. డ్రైవరు తప్పు లేదని, తప్పు నాదని, ఆయన నాకు బావ కావడం వల్ల మాట మార్చడం లేదని చెప్పాను.

"మొన్న నూట ఎనిమిది, ఈరోజు ఎనభై ఒకటి. రేపు నలభై అంటారా ఏంటండీ?" అన్నాడాయన. పెట్టె అంతా నవ్వింది.

"అంకెలు గ్రూపులో పెట్టండి. నమ్మనివాళ్లు వచ్చి స్తంభాలు లెక్కపెట్టుకోమనండి."

పెట్టాడు. సాయంత్రం బావగారు ఫోన్ చేశారు.

"విన్నానయ్యా. మా వీధివాళ్లూ విన్నారు. సరే, ఇక ఈ పని మానెయ్."

"మాననండి. అప్పుడు లెక్కపెట్టడం వల్లే తప్పు జరిగింది. మళ్లీ లెక్కపెట్టినందుకే మీ పేరు నిలబడింది."

గురువారం ఉదయం బండి తనదేనని చెప్పి ఆయన ఫోన్ పెట్టేశారు. గురువారం కిటికీ పక్క సీటు కోసం అరగంట ముందే స్టేషనుకు వెళ్లాను.